ఒక పోగు తెగితే నష్టం లేదు, పక్కది తెగితేనే

కొత్తగా తయారై బయటికి వచ్చిన కార్బన్ ఫైబర్ పలకలో కూడా తెగిన పోగులు ఉంటాయి. రీలు నుంచి విప్పేటప్పుడు, కప్పీల మీదుగా లాగేటప్పుడు, రెసిన్‌లో (పోగులను పట్టి ఉంచే, తర్వాత గట్టిపడే జిగురు) తడిపేటప్పుడు కొన్ని తెగుతూనే ఉంటాయి. తయారీ యంత్రాల చుట్టూ నల్లటి నూగులా పేరుకునేది అదే. పలక మీద బరువు పడ్డాక మరికొన్ని తెగుతాయి. అయినా విమానం ఎగురుతూనే ఉంటుంది, గాలిమర తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి పోగు తెగిందా లేదా అన్న ప్రశ్నకు విలువ తక్కువ. తెగినచోట దిగిపోయిన బరువు దేని మీద పడింది? ఎంత దూరం వరకు పాకింది? రెండో పోగు మొదటిదానికి ఎంత దగ్గరలో తెగింది? పోగులనూ రెసిన్‌నూ కలిపి పొరలు పొరలుగా పేర్చి చేసే ఈ పదార్థం, అంటే కాంపోజిట్, నిలుస్తుందా కూలుతుందా అన్నది వీటిని బట్టి ఉంటుంది.

ఇలా చూస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. పోగునూ దాన్ని పట్టి ఉంచే రెసిన్‌నూ ఎంత గట్టిగా అతికిస్తే పలక అంత బలంగా ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. లాగుడు విషయంలో అది సగమే నిజం.

పోగు బలం అంటే దాని లోపాల చిట్టా

వాడుకలో బాగా ఉన్న టీ700ఎస్ రకాన్ని చూద్దాం. జపాన్‌కు చెందిన టోరే కంపెనీ తయారీ ఇది. ఒక్కో పోగు మందం 7 మైక్రాన్లు, అంటే తల వెంట్రుకలో దాదాపు పదో వంతు. ఇలాంటివి వేలకు వేలు, సాధారణంగా 12,000, ఒక కట్టగా కలిపి రీలుకు చుట్టి అమ్ముతారు. లాగుడు బలం 4,900 మెగాపాస్కల్‌లని (చదరపు మిల్లీమీటరుకు ఒక న్యూటన్ బలం పడితే ఒక మెగాపాస్కల్) కంపెనీ పట్టిక చెబుతుంది. ఇళ్ల స్లాబుల్లో వేసే ఉక్కు కడ్డీ అందులో ఎనిమిదో వంతు దగ్గరే తెగుతుంది, బరువు మాత్రం నాలుగు రెట్లకు పైనే. (ఈ 4,900 ఒంటరి పోగును లాగి తీసిన అంకె కాదు. కట్టను రెసిన్‌తో తడిపి, గట్టిపడ్డాక లాగి లెక్కగట్టినది. పట్టికలు చదివేటప్పుడు చాలామంది ఈ సంగతి గమనించరు.)

ఒంటరి పోగులను ఒక్కొక్కటిగా లాగి చూస్తే ఒకే రీలులోనివే ఒకదానికొకటి పొంతన లేని బలాలు చూపిస్తాయి. పోగు తెగేది దాని పొడవులో ఉన్న అతి పెద్ద లోపం దగ్గర. పైన గీత కావచ్చు, లోపల ఖాళీ కావచ్చు, తయారీలో అంటుకున్న మలినం కావచ్చు. ఈ విషయం మొదట గాజు మీద తేలింది. ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో, రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో పనిచేసిన ఏ.ఏ. గ్రిఫిత్ తన ప్రయోగాలను 1921లో ప్రచురించారు. మిల్లీమీటరు మందం గాజు కడ్డీ 170 మెగాపాస్కల్‌ల దగ్గర తెగితే, 3.3 మైక్రాన్ల గాజు పోగు 3,400 దాకా నిలిచింది. పదార్థం అదే, బలం ఇరవై రెట్లు. సన్నని పోగులో పెద్ద లోపం పట్టడానికి చోటే ఉండదు.

పొడవుకూ ఇదే సూత్రం. పొడవు పెరిగేకొద్దీ పెద్ద లోపం ఎదురయ్యే అవకాశం పెరుగుతుంది. స్వీడన్ ఇంజినీరు వాలొడ్డి వైబుల్ 1939లో ఇచ్చిన సంభావ్యతా సూత్రం దీన్నే లెక్కలోకి తెస్తుంది. బలాలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే ఘాతం అందులో ఒకటి ఉంటుంది. కార్బన్ పోగులకు అది సుమారు 5. అలా చూస్తే పోగు పొడవును పదో వంతుకు తగ్గిస్తే సగటు బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. పొట్టి ముక్క బలమైనది అన్న ఈ సంగతితో కొంచెం ముందుకు వెళ్లాక పని పడుతుంది.

ఇక రెసిన్ లేని పొడి కట్టను రెండు చివరలా బిగించి లాగితే ఏమవుతుంది? బలహీనమైన పోగు మొదట తెగుతుంది. తెగిన పోగు ఈ చివర నుంచి ఆ చివర దాకా పూర్తిగా పనికిరాకుండా పోతుంది. దాని వాటాను మిగిలినవన్నీ సమంగా పంచుకుంటాయి. బ్రిటన్ సాంఖ్యక శాస్త్రవేత్త హెచ్.ఇ. డేనియల్స్ 1945లో ఈ లెక్క తేల్చారు. పైన చెప్పిన ఘాతంతో చేస్తే కట్టలో 18 శాతం పోగులు తెగేసరికి మిగిలినవి ఇక ఆగలేవు. కట్ట మొత్తం బలం పోగుల సగటు బలంలో 65 శాతం దగ్గరే ఆగిపోతుంది. అంటే బలమైన పోగులు తమ బలం చూపించే లోపే బలహీనమైనవి పరువు తీస్తాయన్నమాట.

రెసిన్ చేసే పని

ఎపాక్సీ రెసిన్ సొంత బలం చెప్పుకోదగ్గది కాదు. లాగితే వంద మెగాపాస్కల్‌ల లోపే తెగుతుంది. పోగుల దిశలో పడిన బరువులో దాని వాటా నామమాత్రం. అయినా పొడి కట్టకూ కాంపోజిట్‌కూ ఉన్న తేడా అంతా దానిదే.

తెగిన పోగు తాలూకు రెండు ముక్కలూ ఒకదానికొకటి దూరం జరగబోతాయి. చుట్టూ ఉన్న రెసిన్ వాటిని జరగనివ్వదు. పోగు పక్కగోడ వెంట జారుడుకు అడ్డుపడే ఈ పట్టునే ఇంజినీర్లు షియర్ బలం అంటారు. తెగిన కొస దగ్గర పోగులో బరువు సున్నా. కొస నుంచి దూరం వెళ్లేకొద్దీ రెసిన్ పట్టు ద్వారా బరువు మళ్లీ పోగులోకి ఎక్కుతుంది. కొంత దూరం తర్వాత, అసలు తెగనే లేదన్నట్టు పోగు తన వాటా తాను మోస్తుంది. హెచ్.ఎల్. కాక్స్ 1952లో ఈ బదిలీకి గణిత రూపం ఇచ్చారు. 1965లో కెల్లీ, టైసన్ దీనికి సులువైన లెక్క ఒకటి ఇచ్చారు. పోగు బలాన్ని దాని వ్యాసంతో గుణించి, షియర్ పట్టుకు రెండింతలతో భాగిస్తే కీలకమైన పొడవు వస్తుంది. టీ700ఎస్‌కు షియర్ పట్టు 50 మెగాపాస్కల్‌లు అనుకుంటే అది 343 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో మూడో వంతు.

మీటరు పొడవున్న పోగు ఒకచోట తెగితే పొడి కట్టలో మీటరంతా దండగ. రెసిన్‌లో పోయేది తెగినచోట మిల్లీమీటరులో మూడో వంతు మేర మాత్రమే. అదే పోగు మరో పది చోట్ల తెగినా, ఆ చోట్లు ఎడంగా ఉంటే, మధ్య ముక్కలు పనిచేస్తూనే ఉంటాయి. అంతేకాదు, కాంపోజిట్ ఇప్పుడు మీటరు పొడవు పోగుల కట్టలా కాకుండా, మిల్లీమీటరు కంటే పొట్టి కట్టలను గొలుసులా కలిపినట్టు ప్రవర్తిస్తుంది. పొట్టి ముక్కలు బలమైనవన్న సంగతి అక్కరకొచ్చేది ఇక్కడే. అమెరికాలో బి. వాల్టర్ రోజెన్ 1964లో ప్రతిపాదించిన నమూనాకు సారం ఇదే. పెళుసైన పోగును పెళుసైన రెసిన్‌తో కలిపితే రెండింటికీ లేని ఓర్పు పుట్టుకురావడానికి అంతకు మించిన రహస్యం లేదు.

అయితే ఈ సాయానికి ఒక ధర ఉంది. తెగిన పోగు వదిలేసిన బరువును రెసిన్ అందరికీ సమంగా పంచదు, దగ్గరలో ఉన్నవాటి మీద ఎక్కువగా మోపుతుంది. దేవుడి పల్లకి మోసేవాళ్లలో ఒకరు తూలితే బరువు ముందుగా పక్కనున్న బోయీ భుజం మీదే పడుతుంది కదా, అలా. నాసాలో జాన్ హెజ్‌పెత్ 1961లో ఈ లెక్క చేశారు. ఒకే వరుసలో పక్కపక్కనే పేర్చిన పోగుల్లో ఒకటి తెగితే పక్క పోగు మీద బరువు 1.33 రెట్లవుతుంది. వరుసగా రెండు తెగితే 1.6 రెట్లు. మూడు తెగితే 1.83 రెట్లు. నిజమైన పలకలో పోగు చుట్టూ అన్ని వైపులా పొరుగు ఉంటుంది కాబట్టి దెబ్బ ఇంత తీవ్రంగా ఉండదు. షట్కోణాకారంగా ఆరు పోగులు చుట్టూ ఉంటే, మధ్యది తెగినప్పుడు ఒక్కోదాని మీద పెరిగేది పది శాతమే.

పది శాతమే కదా అని తీసిపారేయడానికి వీల్లేదు. ఆ ఆరింటిలో ఒకదానికి సరిగ్గా ఆ మిల్లీమీటరు భాగంలోనే లోపం ఉంటే అదీ తెగుతుంది. అప్పుడు రెండు తెగుళ్ల గుంపు చుట్టూ ఉన్నవాటి మీద బరువు ఇంకా పెరుగుతుంది. మూడోది తెగే అవకాశం రెండోదానికంటే ఎక్కువ, నాలుగోదానికి ఇంకా ఎక్కువ. ఒక దశ దాటాక ఏ పోగు బలమెంత అన్నది అప్రస్తుతమైపోతుంది. గుంపే పగులులా ప్రవర్తించి అడ్డుగా దూసుకుపోతుంది. పలకలో చెల్లాచెదురుగా వెయ్యి పోగులు తెగినా ఏమీ కాకపోవచ్చు, ఒకే చోట పదీ పదిహేను తెగితే పని అయిపోవచ్చు.

గట్టి అతుకు గొడవ ఇక్కడికే వస్తుంది. పోగుకూ రెసిన్‌కూ అతుకు మరీ గట్టిగా ఉంటే బరువు కోల్పోయే పొడవు తగ్గుతుంది. అది మంచిదే. కానీ దిగిపోయిన బరువంతా ఆ కొద్ది మేరలోనే పొరుగు మీద పడుతుంది. తెగినచోట పుట్టిన చీలిక రెసిన్‌ను దాటుకుని నేరుగా పక్క పోగును తాకుతుంది. అతుకు కాస్త సడలితే తెగిన పోగు కొంత దూరం ఊడి జారుతుంది, చీలిక దారి మళ్లి పోగు వెంట పోతుంది, పొరుగు మీద భారం ఎక్కువ పొడవున పరుచుకుని పలచబడుతుంది. మరీ సడలితే మళ్లీ పొడి కట్టే. మంచి కాంపోజిట్ ఈ రెండు కొసల మధ్య ఎక్కడో ఉంటుంది. కార్బన్ పోగు మీద పూసే పలుచని సైజింగ్ పూతను, ఉపరితలానికి చేసే రసాయన చికిత్సను కంపెనీలు అంత గుట్టుగా ఉంచుకోవడం ఊరికే కాదు. ఆ చోటును పట్టుకోవడమే వాళ్ల అసలు విద్య.

తెగిన ముక్క చూడగానే కథ సగం తెలుస్తుంది. అతుకు సడలింపుగా ఉన్నది చీపురు కట్టలా పీచులు పీచులుగా విచ్చుకుంటుంది. అతుకు బిగువుగా ఉన్నది కత్తితో కోసినట్టు చదునుగా విరుగుతుంది. మిగతా సగం ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద కనిపిస్తుంది. తెగిన ప్రతి పోగు కొస మీదా లోపం ఉన్న బిందువు నుంచి విసనకర్ర ఊచల్లా విప్పారిన సన్నని గీతలు ఉంటాయి. ఒక పోగులో ఆ బిందువు పక్క పోగును తాకే అంచున ఉందంటే, దాన్ని తెంపింది ఆ పక్కదే. ఇలా ఒక్కో కొస చదువుకుంటూ వెనక్కి నడిస్తే గుంపులో మొట్టమొదట తెగిన పోగు దాకా చేరవచ్చు. ప్రమాదాల దర్యాప్తులో పగులు ఎక్కడ మొదలై ఎటు పోయిందో తేల్చేది ఈ ఓపికైన పనే.

చాలాకాలం ఇదంతా విరిగిన ముక్కల మీద, లెక్కల మీద కట్టిన ఊహ. బరువు పడుతుండగా లోపల ఏం జరుగుతోందో చూసే వీలు ఈ శతాబ్దంలోనే వచ్చింది. బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ సింక్రోట్రాన్‌లో (అతి శక్తిమంతమైన ఎక్స్‌రేలు ఇచ్చే యంత్రం) చిన్న కార్బన్–ఎపాక్సీ నమూనాలను లాగుతూ ఎక్స్‌రే త్రిమితీయ చిత్రాలు తీశారు. 2011లో ప్రచురించిన ఆ చిత్రాల్లో ఒక్కో పోగు తెగుడును విడిగా లెక్కపెట్టగలిగారు. ఎక్కువ భాగం ఒంటరి తెగుళ్లే. తెగబోయే బరువు దగ్గరపడేకొద్దీ గుంపులు కనిపించాయి. సిద్ధాంతకర్తలకు మింగుడుపడనిది ఒకటుంది. గుంపులు ఒక్కొక్కటిగా మెల్లగా పెరుగుతాయని వాళ్ల నమూనాలు చెబుతుంటే, చిత్రాల్లో అవి చాలావరకు ఒక్క దెబ్బతో పుట్టినట్టు కనిపించాయి. ఒక పోగు తెగినప్పుడు విడుదలయ్యే కుదుపు తరంగం పొరుగును క్షణకాలం అదనంగా లాగుతుందన్నది దీనికి చెప్పే వివరణల్లో ఒకటి. స్థిరమైన లెక్కల్లో ఆ కుదుపుకు చోటు లేదు.

పొరలు వచ్చి చేరితే

ఇంతవరకు చెప్పింది పోగులన్నీ ఒకే దిశలో ఉన్న పొర గురించి. టీ700ఎస్‌తో అలాంటి పొరను పోగుల దిశలో లాగితే 2,550 మెగాపాస్కల్‌ల దాకా నిలుస్తుంది. అడ్డంగా లాగితే 69 దగ్గరే చీలుతుంది. దాదాపు ముప్పై ఏడు రెట్ల తేడా. ఏ నిర్మాణంలోనూ బరువు ఒకే దిశలో రాదు కాబట్టి మిల్లీమీటరులో ఎనిమిదో వంతు మందం ఉండే పొరలను నిలువుగా, అడ్డంగా, 45 డిగ్రీల వాలుగా మార్చి మార్చి పేరుస్తారు.

అలాంటి పలకను లాగితే మొదట పాడయ్యేవి అడ్డపొరలు. వాటిలో పోగుల మధ్య రెసిన్ చీలుతుంది. ఈ చీలికలు ఎన్ని పడ్డా పలక విరగదు, బరువు నిలువు పొరలకు మారుతుంది. కానీ ప్రతి చీలిక కొసా నిలువు పొర గడప దాకా వచ్చి ఆగుతుంది. ఆ గడప దగ్గర నిలువు పోగుల మీద ఒత్తిడి కేంద్రీకృతమవుతుంది, పోగుల తెగుడు గుంపులుగా మొదలవడానికి అది అనువైన చోటు. అక్కడే పొరకూ పొరకూ మధ్య అతుకు ఊడటం మొదలైతే? లాగుడులో అది ఒక్కోసారి మేలు చేస్తుంది. ఊడిన మేర నిలువు పొర మీద ఒత్తిడి పరుచుకుని మెత్తబడుతుంది. పలకలో రంధ్రం ఉన్నచోటా ఇదే తంతు. లోహపు పలకలో రంధ్రం అంచున పుట్టిన పగులు అడ్డంగా పోతుంది. కాంపోజిట్‌లో అంచు నుంచి పోగుల వెంట నిలువు చీలికలు పడి, రంధ్రం పదును తగ్గుతుంది. చిన్న నష్టం పెద్ద నష్టాన్ని వాయిదా వేస్తుందన్నమాట. లోహాలతో పెరిగిన ఇంజినీరు బుద్ధికి ఇది అంత తొందరగా ఎక్కదు.

ఏది ఎప్పుడు పాడవుతుందో ముందుగా లెక్కగట్టడం మాత్రం ఇప్పటికీ పూర్తిగా చేతికి చిక్కలేదు. జ్వీ హషిన్ 1980లో పోగు తెగుడును, రెసిన్ చీలికను వేర్వేరు షరతులుగా విడదీసి ఇచ్చిన సూత్రాలే నేటి సాఫ్ట్‌వేర్లలో ఎక్కువగా కనిపిస్తాయి. 1990లలో బ్రిటన్ పరిశోధకులు ప్రపంచంలోని పేరున్న సిద్ధాంతాలన్నిటికీ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చినట్టు పరీక్ష పెట్టారు. పలకల వివరాలు ఇచ్చి ఎంత దగ్గర విరుగుతాయో ముందే చెప్పమన్నారు. జవాబులు ఒకదానికొకటి చాలా దూరంగా వచ్చాయి. సిద్ధాంతాల మీద పెద్దపెద్ద మాటలు చెప్పేవారికి ఆ ఫలితాలు ఇప్పటికీ మంచి విరుగుడు.

కేవలం లాగుడే పడే వస్తువు పీడన సిలిండరు. లోపల పలుచని తొడుగు, దాని మీద రెసిన్‌లో తడిపిన పోగుల చుట్లు. ఇండేన్ 2021లో మార్కెట్లోకి తెచ్చిన తేలికపాటి వంటగ్యాస్ సిలిండరు ఈ జాతిదే. ప్లాస్టిక్ తొడుగు మీద గాజు పోగుల చుట్టు, దాని మీద మరో ప్లాస్టిక్ చొక్కా. రాకెట్లలో హీలియం నింపే సీసాలు కార్బన్‌తో చుట్టినవి. 2016 సెప్టెంబర్ 1న కేప్ కెనావెరల్‌లో పరీక్షకు సిద్ధమవుతున్న ఫాల్కన్ 9 రాకెట్ ఆమోస్–6 ఉపగ్రహంతో సహా పేలిపోయింది. ద్రవ ఆక్సిజన్ ట్యాంకులో ముంచి ఉంచిన హీలియం సీసాల్లో ఒకటి విఫలమైందని స్పేస్‌ఎక్స్ 2017 జనవరిలో ప్రకటించింది. అల్యూమినియం తొడుగు అక్కడక్కడా లోపలికి సొట్టపడి, పోగుల చుట్టుకూ దానికీ మధ్య ఖాళీ ఏర్పడింది. అందులోకి చేరిన ఆక్సిజన్ పీడనం పెరిగినప్పుడు చిక్కుకుపోయింది. పోగులు తెగడం వల్లో, రాపిడి వల్లో అది అంటుకుని ఉండవచ్చని దర్యాప్తు తేల్చింది. తెగే ప్రతి పోగూ దాచుకున్న శక్తిని ఒక్కసారిగా విడుస్తుంది. మామూలుగా అది చిటుక్కుమనే శబ్దంగా పోతుంది. ఆక్సిజన్‌లో నానిన కార్బన్‌కు ఆ నిప్పురవ్వ చాలు.

గాజు పోగులకు మరో బలహీనత ఉంది. బరువు మారకుండా అలాగే ఉన్నా, గాలిలోని తేమ గాజు లోపాలను కొద్దికొద్దిగా తొలిచి పెద్దవి చేస్తుంది. ఇవాళ నిలిచిన పోగు అదే బరువు కింద కొన్నేళ్లకు తెగవచ్చు. కార్బన్‌కు ఈ జబ్బు చాలా తక్కువ. వాహనాల్లో హైడ్రోజన్ నింపే ట్యాంకులకు ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో వచ్చిన తొలి సాంకేతిక నిబంధనలు ఈ తేడాను నేరుగా అంకెల్లో పెట్టాయి. కార్బన్ ట్యాంకు వాడుక పీడనానికి 2.25 రెట్ల దాకా పేలకూడదు, గాజు ట్యాంకు 3.5 రెట్ల దాకా పేలకూడదు. అనంతపురం వైపు కొండల మీద తిరిగే గాలిమరల రెక్కల్లో ఎక్కువ భాగం గాజు పోగులదే. వాటి కొలతల్లో కనిపించే ఉదారతకు ఒక కారణం ఇదే.

నొక్కితే కథ వేరు

లాగుడులో పోగు రాజు, రెసిన్ సహాయకుడు. నొక్కినప్పుడు ఆ వరుస తిరగబడుతుంది. టీ700ఎస్ పొర పోగుల దిశలో నొక్కుడుకు 1,470 మెగాపాస్కల్‌లు మాత్రమే తట్టుకుంటుంది, లాగుడులో తట్టుకునేదానిలో ఆరు వంతులకు మూడున్నర వంతులు. 7 మైక్రాన్ల పోగు నొక్కితే వంగిపోతుంది. వంగకుండా పక్కల నుంచి పట్టుకోవాల్సింది రెసినే. ఏ పోగూ గీత గీసినట్టు నిటారుగా ఉండదు, ఒకటి రెండు డిగ్రీల వంపు మామూలే. నొక్కుడు పెరిగేకొద్దీ ఆ వంపు దగ్గర రెసిన్ షియర్‌కు లొంగుతుంది. ఒకదాని పక్కన ఒకటి పోగులన్నీ ఒకే వైపు ఒరిగి, ఒరిగిన పట్టీకి రెండు అంచులా విరుగుతాయి. దీన్నే కింక్ బ్యాండ్ అంటారు. వెడల్పు మిల్లీమీటరులో చిన్న భాగమే అయినా ఒకసారి మొదలైతే పలకకు అడ్డంగా ఆగకుండా పోతుంది. ఇక్కడ పోగు విరగడం కారణం కాదు, చివరి ఫలితం.

బుడియాన్‌స్కీ 1983లో ఇచ్చిన సూత్రంతో చిన్న లెక్క వేయవచ్చు. రెసిన్ షియర్‌కు 60 మెగాపాస్కల్‌ల దగ్గర లొంగుతుందని, లొంగేటప్పటి షియర్ వికృతి (ఆకారం ఎంత పక్కకు ఒరిగిందో చెప్పే కొలత) 0.012 అని అనుకుందాం. పోగుల వంపు 1 డిగ్రీ అయితే పొర 2,000 మెగాపాస్కల్‌ల దాకా ఆగుతుంది. 2 డిగ్రీలైతే 1,280. 3 డిగ్రీలైతే 930. తయారీలో ముడత పడి ఒకచోట వంపు 10 డిగ్రీలయిందంటే 320 దగ్గరే కింక్ మొదలవుతుంది. పోగు అదే, రెసిన్ అదే, చేతిపని మాత్రమే తేడా.

పొరలు ఊడటం కూడా ఇక్కడ మేలు చేయదు. ఊడిన పొర పలుచని రేకులా విడిగా ఉబ్బి, పక్క పొరల ఆసరా లేక వంగిపోతుంది. విమానాల మరమ్మతు షెడ్డులో పొరపాటున జారిపడిన పనిముట్టు పైకి గీత కూడా కనిపించకుండా లోపల పొరలను ఊడగొట్టగలదు. అందుకే దెబ్బ కొట్టిన పలకను నొక్కి చూసే పరీక్ష విమానాల కాంపోజిట్‌లకు ముఖ్యమైనదైంది.

ఇవన్నీ ఒకే వస్తువులో కలిసి కనిపించినది టైటాన్ జలాంతర్గామి. టైటానిక్ శిథిలాలను చూపించడానికి ఓషన్‌గేట్ సంస్థ నడిపిన ఈ వాహనం 2023 జూన్ 18న ఉత్తర అట్లాంటిక్‌లో నలిగిపోయి అందులోని అయిదుగురూ మరణించారు. ప్రయాణికులు కూర్చునే గొట్టం అయిదు అంగుళాల మందం కార్బన్ ఫైబర్ కాంపోజిట్, రెండు కొసలా టైటానియం మూతలు. టైటానిక్ ఉన్న 3,800 మీటర్ల లోతులో నీటి పీడనం 38 మెగాపాస్కల్‌లు. గొట్టం లోపలి వ్యాసం దాదాపు 1.42 మీటర్లు కాబట్టి చుట్టుకొలత దిశలో సగటు నొక్కుడు 250 మెగాపాస్కల్‌ల చుట్టూ వస్తుంది. ఆ దిశలో పోగులున్న పొరల మీద అంతకంటే ఎక్కువే పడుతుంది. 1,470 పక్కన పెట్టి చూస్తే కాగితం మీద ఇది నిశ్చింతగా కనిపించే అంకె. ప్రమాదమంతా ఆ నిశ్చింతలోనే ఉంది. 1,470 అనేది ప్రయోగశాలలో జాగ్రత్తగా చేసిన, పలుచని, చదునైన నమూనా బలం. మందపాటి గొట్టంలో ముడతలు, గాలి ఖాళీలు, ఊడిన పొరలు ఉన్నప్పుడు పోల్చాల్సింది ఆ అంకెతో కాదు, పైన వచ్చిన 320 లాంటి అంకెలతో.

అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి దర్యాప్తులో తేలిన తయారీ వివరాలు ఈ కోణంలో చదవాలి. అయిదు అంగుళాలను ఒకేసారి కాకుండా అంగుళం చొప్పున అయిదు దఫాలుగా చుట్టి, ఒక్కోదాన్ని విడిగా ఉడికించి గట్టిపరిచారు. ప్రతి దఫా పైన లేచిన ముడతలను అరగదీసి చదును చేసి తర్వాతి చుట్టు వేశారు. లేచిన ముడతను అరగదీయడమంటే దాని శిఖరంలో ఉన్న పోగులను తెంపడమే, లోపలి వంపు మాత్రం అలాగే ఉంటుంది. ముడతలు, సూక్ష్మరంధ్రాలు, ఖాళీలు పరిశీలనలో బయటపడ్డాయి. సముద్రం అడుగు నుంచి తీసిన ముక్కలు చాలావరకు దఫాకూ దఫాకూ మధ్య అతుకుల వెంటే విడిపోయి ఉన్నాయి.

పోగుల చప్పుడు ముందే హెచ్చరిస్తుందన్నది ఓషన్‌గేట్ ధీమా. గొట్టానికి ధ్వని గ్రాహకాలు, వికృతి కొలిచే గేజులు అమర్చారు. ఆలోచన పూర్తిగా తప్పేమీ కాదు. పోగు తెగినప్పుడు వచ్చే శబ్దాన్ని పట్టుకోవడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. 1950లో జర్మనీలో జోసెఫ్ కైజర్ ఒక సంగతి గమనించారు. ఒక పదార్థాన్ని ఒకసారి కొంత బరువు దాకా తీసుకెళ్లి దించితే, మళ్లీ అదే బరువు దాటేదాకా అది చప్పుడు చేయదు. మంచి కాంపోజిట్‌లో బలహీనమైన పోగులు మొదటిసారే తెగిపోయి, తర్వాత నిశ్శబ్దంగా ఉండటం అందువల్లే. పాత బరువుకు చేరకముందే మళ్లీ చిటపటలు మొదలైతే లోపల నష్టం పెరుగుతోందని అర్థం. పీడన సిలిండర్ల పరీక్షల్లో, మళ్లీ చప్పుడు మొదలైన బరువుకూ పాత బరువుకూ ఉన్న నిష్పత్తినే చూస్తారు. కానీ అది చెల్లుబాటయ్యేది తెగుళ్లు అంచెలంచెలుగా పోగుపడే లాగుడులో. కింక్ బ్యాండ్ అంచెలు పాటించదు. దానికి ముందు వచ్చే చప్పుళ్లకూ కూలడానికీ మధ్య మనుషులను పైకి తీసుకురావడానికి సరిపడా వ్యవధి ఉంటుందన్న భరోసా ఎక్కడా లేదు.

2022 జూలై 15న, 80వ మునక ముగించుకుని పైకి వస్తుండగా టైటాన్‌లో పెద్ద శబ్దం వినిపించింది. ఒంటరి పోగు తెగితే అలాంటి శబ్దం రాదు. పొరలు ఊడిన చప్పుడని దర్యాప్తు తర్వాత తేల్చింది. శబ్దాన్ని ఎవరు ఎలా అర్థం చేసుకున్నా, గేజుల పట్టిక మాత్రం స్పష్టంగా ఉంది. ఆ రోజుకు ముందు మునకల్లో ఒక లోతుకు గొట్టం ఎంత నొక్కుకునేదో, ఆ తర్వాత మునకల్లో అదే లోతుకు అంతే నొక్కుకోలేదు. అంటే బరువు మోసే దారి మారిపోయింది. రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసేది. గొట్టం మళ్లీ నీటిలోకి వెళ్లింది, 88వ మునక దాకా వెళ్లింది.